స్కాట్లండ్ ఇంటి భోజనం వండాలంటే: వార్చడం, ఇగర్చడం

డండీలో ఉంటున్నామనీ, మీరు జ్వరంతో పడి ఉన్నన్ని రోజులూ పై అంతస్తులోని వృద్ధ దంపతులు సూప్ తెచ్చి ఇచ్చారనీ, జనవరిలో ఒక శనివారం సాయంత్రం వారిని పిలిచి వారికి అలవాటైన వంటే వండి పెట్టాలని ఉందనీ రాశారు. మీరు గొడ్డుమాంసం తినరు, మీ శ్రీమతి శాకాహారి. ఏమేమి వండాలి, హాగిస్ (గొర్రె గుండె, కాలేయం వంటివి ఓట్స్‌తో కలిపి చేసే వంట) ఇంట్లో చేయవచ్చా, వంట మరీ చప్పగా అనిపిస్తే కాస్త మసాలా తగిలించవచ్చా అన్నవి మీ ప్రశ్నలు. నేను అబర్డీన్‌లో ఇరవై రెండేళ్లుగా ఉంటున్నాను, అందులో ఆరేళ్లు ఒక చిన్న హోటల్ వంటింట్లో పనిచేశాను కాబట్టి కొంచెం వివరంగానే రాస్తున్నాను.

చివరి ప్రశ్నకు ముందు జవాబు చెబుతాను. మసాలా వద్దు. అల్లం వెల్లుల్లి ముద్ద వద్దు, ధనియాల పొడి వద్దు, ఎవరికీ తెలియకుండా వేసే అర చెంచా కారం కూడా వద్దు. కొత్తల్లో నేను ఆ పని చేశాను. వచ్చినవారు మర్యాదస్తులు కనుక కూర చాలా బాగుందన్నారు గాని, అది తమ ఊరి వంట అని వారికి తట్టనేలేదు. ఈ వంటలో ఉప్పు, మిరియాలు, ఉల్లిపాయ, వెన్న, ఓట్స్ తప్ప రుచిని ఇచ్చేవి దాదాపు ఏమీ ఉండవు. అందువల్ల మన వంటలో పోపు, మసాలా కప్పిపుచ్చే చిన్న తప్పులన్నీ ఇక్కడ కంచంలో బయటపడతాయి. ఆ తప్పుల్లో నూటికి తొంభై నీటితో వచ్చేవే. ఎప్పుడు వార్చాలి, ఎంత ఇగర్చాలి, ఎక్కడ మూత పెట్టి మగ్గనివ్వాలి అన్న మూడూ పట్టుబడితే స్కాటిష్ భోజనం మీ చేతికి వచ్చినట్టే. మనకు ఈ మూడింటికీ మాటలు సిద్ధంగానే ఉన్నాయి, చేతులకు అలవాటు కూడా ఉంది.

నాకు ఈ సంగతి తెలిసివచ్చింది ఒక పాడైన భోజనం వల్ల. మొదటిసారి నీప్స్ అనే పసుపుపచ్చని దుంపలు ఉడికించి, గబగబా వార్చి, మెదిపి వడ్డించాను. రెండు నిమిషాల్లో కంచం నిండా పసుపుపచ్చని నీరు చేరింది, అది పక్కనున్న బంగాళాదుంప ముద్దలోకి పాకింది, మాంసం పులుసు దానిలో కలిసి విరిగినట్టయింది. ఎదురింటి పెద్దావిడ అప్పుడేమీ అనలేదు. మరుసటి వారం తన వంటింటికి పిలిచి, బంగాళాదుంపలు వార్చిన గిన్నెను మళ్లీ పొయ్యి మీద పెట్టి, మడతపెట్టిన పొడి తువ్వాలును గిన్నె మీద పరిచి, దానిపైన మూత బోర్లించి, మంట ఆపేసి ఐదు నిమిషాలు కదలకుండా నిలబడింది. మూత తీసేసరికి తువ్వాలు తడిసి బరువెక్కింది, గిన్నెలోని దుంపల అంచులు మాత్రం సున్నం రాలుతున్నట్టు తెల్లగా పొడిబారి ఉన్నాయి. గిన్నెను ఒకసారి కుదిపితే అవి ఒకదానికొకటి తగిలి పిండి రాల్చాయి. ఆ రోజు నుంచి మా ఇంట్లో దుంపల కోసం ఒక తువ్వాలు వేరుగా ఉంది.

వంటలోకి దిగేముందు పిలుపు గురించి ఒక మాట చెప్పాలి. ఇక్కడి పెద్దవారిలో చాలామందికి టీ అంటే సాయంత్రం ఐదారు గంటలకు తినే పూర్తి భోజనం, డిన్నర్ అంటే మధ్యాహ్న భోజనం కూడా కావచ్చు. నేను వచ్చిన మొదటి ఏడాది ఒక దంపతులను టీకి రమ్మని పిలిచి, పాలు కాచి, యాలకులు దంచి, పళ్లెం నిండా జంతికలు పెట్టాను. వారు ఇంట్లో ఏమీ వండుకోకుండా వచ్చారు. ఏడు గంటల దాకా జంతికలు తిని, ఎంతో బాగున్నాయని చెప్పి వెళ్లిపోయారు. కాబట్టి శనివారం ఆరు గంటలకు భోజనానికి రమ్మని గంటతో సహా స్పష్టంగా చెప్పండి. తినకూడనివి ఏవైనా ఉన్నాయా అని కూడా అప్పుడే అడగండి. వృద్ధులు కదా, ఉప్పు తగ్గించుకొని ఉండవచ్చు.

వండవలసినవి నా లెక్క ప్రకారం ఇవి: మొదట చిన్న గిన్నెల్లో కల్లెన్ స్కింక్ అనే చేప సూప్, తరువాత మిన్స్ అండ్ టాటీస్ (ఖీమా, బంగాళాదుంపలు), పక్కన నీప్స్, స్కర్లీ (ఉల్లిపాయతో వేయించిన ఓట్స్ రవ్వ), చివర క్రానకన్ (క్రీమ్, ఓట్స్, రాస్ప్‌బెర్రీ పండ్లతో చేసే తీపి). మీ శ్రీమతికి మాంసం స్థానంలో శాకాహార హాగిస్. హాగిస్ పెద్ద పేరున్న వంటే గాని అది పండుగ వంట. చలిరోజు ఇంటికి వచ్చి కడుపు నిండా తినాలనిపించినప్పుడు ఇక్కడివారికి గుర్తొచ్చేది మాత్రం మిన్స్, దుంపలే. బళ్లో పెట్టింది, అమ్మ పెట్టింది, నాయనమ్మ పెట్టింది అదే. మనం పప్పన్నం, ఆవకాయ, నెయ్యి అన్నప్పుడు కలిగే భావం వారికి ఆ కంచం చూస్తే కలుగుతుంది.

మిన్స్ అంటే మన ఖీమా. స్కాట్లండ్‌లో విశేషణం లేకుండా మిన్స్ అంటే గొడ్డుమాంసమే అని అర్థం, కనుక మాంసం దుకాణంలో గొర్రెపిల్ల మిన్స్ కావాలని విడిగా అడగాలి. జింకమాంసం మిన్స్ కూడా ఇక్కడ సులభంగానే దొరుకుతుంది, దానిలో కొవ్వు తక్కువ కనుక నూనె కొంచెం ఎక్కువ పడుతుంది. మీరు అడిగినదాన్ని బట్టి నేను గొర్రెపిల్ల మాంసాన్నే సూచిస్తాను. రుచి కొద్దిగా మారుతుంది, పైకి కొవ్వు ఎక్కువగా తేలుతుంది, కాని వచ్చినవారు తమ వంటను గుర్తుపట్టకపోవడమంటూ ఉండదు. మీ శ్రీమతి మాంసం ముట్టరు కనుక ముగ్గురికి 500 గ్రాములు చాలు, కాస్త మిగులుతుంది కూడా. స్టాక్ (మాంసం గాని కూరగాయలు గాని ఉడికించిన రసం) ఘనాలు, గ్రేవీ పొడి కొనేటప్పుడు పొట్లం మీద ఉన్నది చదవండి. చాలావాటిలో గొడ్డుమాంసపు సారం ఉంటుంది. కూరగాయల స్టాక్ గాని గొర్రె స్టాక్ గాని తీసుకోండి.

అడుగు మందమైన వెడల్పు గిన్నెలో రెండు చెంచాల నూనె వేసి, ఒక పెద్ద ఉల్లిపాయను సన్నగా తరిగి దోరగా వేయించి పక్కకు తీయండి. తరువాత మంట పెంచి మాంసాన్ని సగం చొప్పున రెండు విడతలుగా వేయండి. ఒకేసారి మొత్తం వేస్తే గిన్నె చల్లబడి మాంసం నీరు వదిలి ఆ నీటిలోనే ఉడుకుతుంది, బూడిదరంగు ముద్ద అవుతుంది. రెండు విడతలుగా వేసినా కొంత నీరు వస్తుంది. ఇక్కడే ఓపిక పట్టాలి. ముందు బుడబుడమని నీటి చప్పుడు వినిపిస్తుంది, ఆ తరువాత అది సన్నబడి చిటపటమని నూనె చప్పుడుగా మారుతుంది. ఆ మార్పు చెవికి తెలుస్తుంది. నీరంతా ఇగిరి, మాంసం అడుగుకు అక్కడక్కడా అంటుకొని గోధుమరంగు పొర ఏర్పడినప్పుడే వేగినట్టు. ఈ వంటకు రంగు, రుచి రెండూ ఆ పొర నుంచే వస్తాయి. మీరు తెలుగింటి వేపుడు చేసినవారైతే ఈ ఒక్క మెట్టులో ఇక్కడి చాలామంది గృహస్థుల కన్నా మీరే బాగా చేస్తారు, ఎందుకంటే ఇక్కడ తొందరలో చాలామంది దీన్ని వదిలేస్తారు.

ఉల్లిపాయలను తిరిగి వేసి, రెండు క్యారెట్లను అర అంగుళం మందం చక్రాలుగా కోసి వేసి, వేడి స్టాక్ సుమారు 450 మిల్లీలీటర్లు పోసి, అడుగున అంటుకున్నదంతా చెక్క గరిటెతో గీకి కలపండి. వూస్టర్ సాస్ ఒక చెంచా, తెల్ల మిరియాల పొడి అర చెంచా చాలు. మూతను కొంచెం వారగా పెట్టి సన్నని సెగ మీద 45 నిమిషాల నుంచి గంట దాకా ఉంచాలి. అది కుతకుతలాడకూడదు, ఎప్పుడో ఒక బుడగ పైకి వచ్చి పగలాలి. చిక్కదనానికి ఇప్పుడు అందరూ గ్రేవీ పొడి వాడుతున్నారు గాని, పాత పద్ధతిలో రెండు చెంచాల ఓట్స్ రవ్వను ఉడుకు మధ్యలో చల్లుతారు. నాకు ఆ పద్ధతే ఇష్టం. ఓట్స్ నీటిని నెమ్మదిగా పీల్చి పులుసును చిక్కబరుస్తాయి గాని మైదాలాగా నాలుకకు అతుక్కోవు. చివరికి పులుసు మాంసాన్ని అంటిపెట్టుకొని ఉండాలి, కంచంలో దుంపల ముద్దను తాకినప్పుడు నెమ్మదిగా పాకాలి, పరుగెత్తకూడదు. ఉప్పు చివర చూసి వేయండి, స్టాక్‌లోనే చాలా ఉంటుంది. గొర్రె కొవ్వు పైకి తేలితే గరిటెతో తీసేయండి. ఈ వంటను ముందురోజే చేసుకోవడం మంచిది. చల్లబడగానే ఫ్రిజ్‌లో పెడితే కొవ్వు పైన గట్టిపడి రేకులా ఊడి వస్తుంది, మర్నాడు బాగా మరిగేదాకా వేడి చేస్తే రుచి కూడా పెరుగుతుంది.

కొన్ని ఇళ్లలో దీనిపై డోబాల్స్ అనే పిండి ఉండలు వేస్తారు. తనంతట పొంగే మైదా 100 గ్రాములు, సూయెట్ 50 గ్రాములు, చిటికెడు ఉప్పు కలిపి, తగినన్ని నీళ్లతో మెత్తని పిండి చేసి, నిమ్మకాయంత ఉండలు కట్టి, ఉడుకుతున్న మిన్స్ మీద పరిచి గట్టిగా మూత పెడితే 20 నిమిషాల్లో కుడుముల్లా పొంగుతాయి. సూయెట్ అంటే పశువు మూత్రపిండాల చుట్టూ ఉండే గట్టి కొవ్వు. అదే దుకాణంలో కూరగాయల కొవ్వుతో చేసిన సూయెట్ కూడా ఉంటుంది, మీరు అదే కొనాలి. మధ్యలో మూత తీస్తే ఉండలు కూలబడతాయి. దుంపలు, స్కర్లీ రెండూ ఉన్నాయి కనుక ఈసారికి ఇవి లేకపోయినా లోటు లేదు.

టాటీస్ అంటే బంగాళాదుంపలు. మెదపడానికి పిండిపదార్థం ఎక్కువగా ఉన్న రకం కావాలి. మారిస్ పైపర్, కింగ్ ఎడ్వర్డ్, రూస్టర్ ఏ దుకాణంలోనైనా దొరుకుతాయి. స్కాట్లండ్‌లోనే పుట్టిన కెర్స్ పింక్ గాని గోల్డెన్ వండర్ గాని కనిపిస్తే వదలకండి. గోల్డెన్ వండర్ మరీ పిండిగా ఉండి కాస్త ఏమరితే నీటిలోనే కరిగిపోతుంది, అందుకని దాన్ని తొక్కతోనే ఉడికించండి. నలుగురికి ఒక కిలో చాలు. సమానమైన ముక్కలు కోసి, ఉప్పు వేసిన చన్నీటిలో వేసి పొయ్యి మీద పెట్టాలి. వేడినీటిలో వేస్తే పైన విరిగిపోయి లోపల పలుకుగా ఉంటుంది. చాకు సులభంగా దిగగానే పూర్తిగా వార్చి, పైన చెప్పిన తువ్వాలు పని చేయండి. తరువాత పొడిగా ఉండగానే మెదిపి, 50 గ్రాముల వెన్న ముందుగా, గోరువెచ్చని పాలు వంద మిల్లీలీటర్లు తరువాత కలపండి. వెన్న ముందు ఎందుకంటే అది పిండి రేణువుల చుట్టూ పట్టుకొని, తరువాత పోసే పాలకు ముద్ద జిగురెక్కకుండా కాపాడుతుంది. మిక్సీ మాత్రం దగ్గరకు రానివ్వకండి. దాని వేగానికి దుంపలోని పిండిపదార్థం చితికి గోందులా సాగుతుంది. ఇంట్లో మాషర్ లేకపోతే మన పప్పుగుత్తి చక్కగా పనికొస్తుంది.

నీప్స్ దగ్గర పేర్ల చిక్కు ఉంది. స్కాట్లండ్‌లో నీప్ అన్నా టర్నిప్ అన్నా ఊదారంగు తొక్క, పసుపుపచ్చని కండ ఉన్న పెద్ద దుంప. సూపర్ మార్కెట్‌లో దాని మీద స్వీడ్ అని రాసి ఉంటుంది. తెల్లగా చిన్నగా ఉండే టర్నిప్ వేరు, అది కొంటే ఈ రుచి రాదు. ఈ దుంప రాయిలా గట్టిగా ఉంటుంది. ఇక్కడ పిల్లలు హాలోవీన్‌కు గుమ్మడికాయ రాకముందు దీన్నే తొలిచి దీపాలు చేసేవారు, ఆ పని చేసిన పెద్దవారు చేతి బొబ్బల కథలు ఇప్పటికీ చెబుతారు. మీ అతిథులను అడిగి చూడండి, భోజనమంతా ఆ కబుర్లతోనే గడిచిపోతుంది. కోయడానికి ముందు అడుగున పలుచగా ఒక చెక్కు తీసి, చదునుగా నిలబెట్టి, పెద్ద చాకుతో నిదానంగా చీల్చండి. తొక్క మందంగా తీయాలి, తొక్క కింద చేదు ఉంటుంది. ముప్పావు కిలో దుంపను చిన్న ముక్కలు చేసి ఉప్పునీటిలో 25 నుంచి 30 నిమిషాలు ఉడికించండి. బంగాళాదుంప కన్నా దీనిలో నీరు చాలా ఎక్కువ, అందుకే దీనికి తువ్వాలు ఒక్కటే చాలదు. వార్చిన తరువాత గిన్నెను సన్నని సెగ మీద పెట్టి, కదుపుతూ మూడు నాలుగు నిమిషాలు ఆవిరి పోనివ్వాలి, మెదిపిన తరువాత మళ్లీ రెండు నిమిషాలు. గరిటెతో గీత గీస్తే అందులోకి నీరు ఊరకూడదు. అప్పుడు వెన్న, ఉప్పు, బాగా నల్లమిరియాల పొడి, ఇష్టమైతే జాజికాయ పొడి చిటికెడు. దుంపలను, నీప్స్‌ను కలిపి మెదిపితే దాన్ని క్లాప్‌షాట్ అంటారు, అది ఆర్క్నీ దీవుల వంట. మీరు విడివిడిగా వడ్డించండి, తెలుపు, పసుపు పక్కపక్కన ఉంటేనే కంచం అందం.

స్కర్లీ ఈశాన్య స్కాట్లండ్ వంట, అంటే మా వైపుది. అందుకే దాన్ని నేను కాస్త పక్షపాతంతోనే ఈ జాబితాలో చేర్చాను. వేగేటప్పుడు వచ్చే కీచుమనే చప్పుడు వల్ల ఆ పేరు వచ్చింది. దీనికి గంజి కాచుకునే పలుచని రేకుల ఓట్స్ పనికిరావు, రవ్వలా విరిచినవి కావాలి. పొట్లం మీద పిన్‌హెడ్ అని గాని మీడియం ఓట్‌మీల్ అని గాని ఉంటుంది. ఒక ఉల్లిపాయను 50 గ్రాముల వెన్నలో మెత్తబడి బంగారు రంగు వచ్చేదాకా మగ్గనిచ్చి, 125 గ్రాముల ఓట్స్ రవ్వ వేసి, ఉప్మా రవ్వ వేయించినట్టే సన్నని సెగ మీద పది నిమిషాలు కలుపుతూ ఉండాలి. తేడా ఏమిటంటే ఉప్మాలాగా తరువాత నీళ్లు పోయరు. రవ్వ వెన్నను, ఉల్లిపాయ తడిని పీల్చుకొని, కొరికితే కరకరలాడుతూ లోపల కాస్త మెత్తగా ఉండాలి. వేయించిన గింజల వాసన ఇల్లంతా పట్టినప్పుడు దింపండి. పాత ఇళ్లలో దీన్ని గొడ్డు కొవ్వుతో చేసేవారు, మీరు వెన్నతో చేస్తే మీ శ్రీమతి కూడా తినవచ్చు. మిన్స్ పులుసు మీద కొంచెం చల్లుకొని తింటే మెత్తని కంచంలో ఆ కరకర ఎంత అవసరమో తెలుస్తుంది.

సూప్ సంగతి. కల్లెన్ అనేది మోరే తీరంలోని చేపలు పట్టేవారి ఊరు. స్కింక్ అంటే మొదట పశువు కాలి ఎముకతో కాచే పులుసు, ఆ తీరంలో మాంసం స్థానంలో పొగ పట్టించిన హాడక్ చేప వచ్చి చేరింది. చేప కొనేటప్పుడు పసుపు రంగు వేసినది కాకుండా పాలిపోయిన గడ్డి రంగులో ఉన్నది తీసుకోండి. అబర్డీన్‌కు దక్షిణాన ఉన్న ఫిండన్ ఊరి పేరుతో వచ్చిన ఫిన్నన్ హాడీ శ్రేష్ఠం. అది చల్లని పొగలో ఆరినది, పచ్చిగానే ఉంటుంది, ఉడికించాలి. ఆర్‌బ్రోత్ స్మోకీ వేరు. అది వేడి పొగలో ఉడికిపోయినది, 2004 నుంచి ఆ పేరుకు ఐరోపా సమాఖ్య భౌగోళిక రక్షణ ఉంది, డండీకి దగ్గరలోనే ఆర్‌బ్రోత్ ఉంది కనుక మీకు తాజాగా దొరుకుతుంది. సూప్‌కు స్మోకీ వాడితే ఉడికించే మెట్టు వదిలి, పాలలో వేడి చేస్తే చాలు.

400 గ్రాముల చేపను అర లీటరు పాలు, ఒక బే ఆకుతో సన్నని సెగ మీద పెట్టి, పాలు అంచుల్లో బుడగలు కట్టగానే ఆపేసి మూత పెట్టండి. ఆరేడు నిమిషాల్లో చేప రేకులుగా విడుతుంది. అన్నట్టు, ఇక్కడి వంటల్లో వాడే బే ఆకు, మన బిర్యానీ ఆకు ఒకటి కావు. మనది దాల్చినచెక్క జాతిది, వాసన వేరు. ఇక్కడి దుకాణంలోదే కొనండి. మరో గిన్నెలో పెద్ద ఉల్లిపాయను వెన్నలో రంగు మారకుండా పది నిమిషాలు మగ్గబెట్టి, 400 గ్రాముల బంగాళాదుంప ముక్కలు, 300 మిల్లీలీటర్ల నీళ్లు పోసి మెత్తగా ఉడకనివ్వండి. ఈ దశలో ఆగి, మీ శ్రీమతి వంతు దుంపలు, ఉల్లిపాయలు వేరే చిన్న గిన్నెలోకి తీసి, మామూలు పాలు, వెన్నలో మగ్గించిన లీక్ (ఉల్లికాడ జాతి కూర) ముక్కలు కలిపితే ఆమెకు విడిగా సూప్ సిద్ధమవుతుంది. మిగిలినదానిలో సగం దుంపలను గరిటెతో చిదిమి, చేప ఉడికిన పాలను వడగట్టి పోసి, ముళ్లు, తోలు తీసిన చేపను పెద్ద రేకులుగా వేయండి. ఇక మరగనివ్వకూడదు, మరిగితే చేప పీచులా అవుతుంది. ఉప్పు రుచి చూశాకే. పైన తరిగిన చైవ్స్ (సన్నని ఉల్లికాడల్లాంటి ఆకు). ఇది బరువైన సూప్, ఒక్కొక్కరికి ఒక చిన్న గిన్నె మించి పోస్తే మిన్స్‌కు కడుపులో చోటుండదు. మనలో ఎండుచేపల పులుసు తెలిసినవారు పొగచేప బదులు ఎండుచేప వాడవచ్చా అని అడుగుతుంటారు. వాడకూడదు. పొగ వాసనే ఈ సూప్‌కు ప్రాణం, ఎండుచేపలో అది లేదు.

హాగిస్ ఇంట్లో చేయవద్దు. గొర్రె గుండె, కాలేయం, ఊపిరితిత్తులను ఉడికించి తరిగి, ఓట్స్, కొవ్వు, ఉల్లిపాయ, మిరియాలతో కలిపి గొర్రె పొట్టలో కుట్టి ఉడికించేది అది. బోటీ కూర, తలకాయ మాంసం తిని పెరిగిన మనకు అందులో వింతేమీ లేదు, పని మాత్రం చాలా ఎక్కువ. ఇక్కడివారు కూడా మాంసం దుకాణంలో కొనుక్కుంటారు. 1759లో పుట్టిన కవి రాబర్ట్ బర్న్స్ హాగిస్ మీద కవిత రాశాడు, ఆయన పుట్టినరోజైన జనవరి 25న ఆ కవిత చదివి హాగిస్ కోయడం ఆచారం. మీ శనివారం ఆ తేదీకి దగ్గరగా వస్తే తప్పకుండా ఒక చిన్నది కొనండి, అతిథులు మురిసిపోతారు. ఎడింబరాలో 1984లో వచ్చిన శాకాహార హాగిస్ పప్పులు, బీన్స్, ఓట్స్, కూరగాయలతో చేసేది, నిజంగానే బాగుంటుంది. మాంసంవాళ్లు కూడా అడిగి వేయించుకుంటారు. రెండూ ఉడికించే అమ్ముతారు, వేడి చేయడమే మన పని. పైనున్న ప్లాస్టిక్ తొడుగు సంగతి పొట్లం మీద చూసుకొని, రేకు కాగితంలో గట్టిగా చుట్టి, లోతు పళ్లెంలో అర అంగుళం నీళ్లు పోసి, 180 డిగ్రీల ఓవెన్‌లో సుమారు గంట ఉంచండి. శాకాహారిది వేరే పళ్లెంలో పెట్టండి. మీ శ్రీమతి కంచంలో వూస్టర్ సాస్ పడనివ్వకండి, దానిలో చేప ఉంటుంది.

క్రానకన్ సులభం. ఓట్స్ రవ్వ 50 గ్రాములు పొడి మూకుడులో గోధుమరంగు వచ్చేదాకా వేయించి చల్లార్చండి. 300 మిల్లీలీటర్ల డబుల్ క్రీమ్ (చిక్కని మీగడ)ను గిలకొట్టి, గిలక పైకెత్తితే కొన వంగి నిలబడేంత గట్టిపడగానే ఆపేయండి. ఇంకా పది సార్లు తిప్పితే అది వెన్న అవుతుంది, మన ఇళ్లలో అది వరమే గాని ఇక్కడ శాపం. మూడు చెంచాల తేనె, రెండు మూడు చెంచాల విస్కీ, ఓట్స్ కలిపి, రాస్ప్‌బెర్రీలతో పొరలుగా గ్లాసుల్లో నింపండి. మీరు మద్యం ముట్టరంటే అది లేకుండానే చేయండి, బదులుగా ఏ రసమూ పోయకండి, తేనె సరిపోతుంది. డండీ చుట్టుపక్కల ఆంగస్, పెర్త్‌షైర్ రాస్ప్‌బెర్రీలకు పేరున్న ప్రాంతాలే గాని, జనవరిలో తాజావి దిగుమతి సరుకే. గడ్డకట్టించినవి కొని, జల్లెడలో వేసి కరగనిచ్చి, ఆ రసం పూర్తిగా కారిపోయాకే వాడండి. లేకపోతే ఇక్కడా నీటి గొడవే.

వేళల సంగతి ఇలా చూసుకోండి. మిన్స్ శుక్రవారమే అయిపోవాలి. శనివారం ఉదయం ఓట్స్ వేయించడం, మధ్యాహ్నం దుంపలు చెక్కు తీసి నీటిలో వేయడం, నీప్స్ కోసి పెట్టుకోవడం. నాలుగున్నరకు సూప్ మొత్తం చేసి, చేప వేయకుండా పక్కన పెట్టండి. ఐదుకు హాగిస్ ఓవెన్‌లోకి, ఐదుంపావుకు నీప్స్, ఐదున్నరకు టాటీస్. మెదిపిన రెండు ముద్దలనూ మూతపెట్టి వేడినీటి గిన్నె మీద ఉంచితే అరగంట పాడవవు. ఐదు ముప్పావుకు మిన్స్ వేడెక్కుతుండగా పక్కన స్కర్లీ వేయించండి. వారు ఆరుకు తలుపు తడతారు, చాలామటుకు ఒక్క నిమిషం అటూ ఇటూ కాదు. క్రీమ్ ముందే గిలకొట్టి ఉంచి, గ్లాసులు మాత్రం తినబోయే ముందే నింపండి, ఓట్స్ మెత్తబడకుండా. కంచాలు ఓవెన్ అడుగున వెచ్చబెట్టడం మరచిపోకండి, చల్లని కంచంలో ఈ భోజనం మూడు నిమిషాల్లో జావకారుతుంది.

బల్లమీద వెన్న, ఓట్‌కేకులు (ఓట్స్‌తో చేసిన తీపిలేని బిస్కెట్లు), ఊరవేసిన బీట్‌రూట్ సీసా, బ్రౌన్ సాస్ ఉంచండి. ఆ బీట్‌రూట్ పులుపు మనకు ఆవకాయ చేసే పనే వారికి చేస్తుంది. తిన్నాక వారు నో బ్యాడ్ అంటే నొచ్చుకోకండి, మొహమాటం లేని పొగడ్త అంటే ఇక్కడ అదే. మిగిలిన మిన్స్‌ను డబ్బాలో పెట్టి వారితో పంపండి. దుంపలు, నీప్స్ మిగిలితే రెండూ కలిపి, ఆదివారం పొద్దున్న పెనం మీద వెన్న వేసి, అడుగు ఎర్రగా మాడీ మాడకుండా కాల్చుకోండి. అప్పుడు మాత్రం మీ ఇష్టం, రెండు పచ్చిమిరపకాయలు సన్నగా తరిగి వేసుకోవచ్చు.